టోకు కొనుగోలు, సొంత ఉత్పత్తి: స్టూవర్టుపురం పరిసరాల్లో సహకార సమాఖ్యల చరిత్ర

బాపట్ల, చీరాల మధ్య మద్రాసు రైలుమార్గం మీద ఉన్న స్టూవర్టుపురం తెలుగు పాఠకులకు పోలీసు రికార్డుల ద్వారా, సినిమాల ద్వారా పరిచయమైనంతగా సరుకుల వర్తక చరిత్ర ద్వారా పరిచయం కాలేదు. ఆ ఊరికి ప్రభుత్వం తెచ్చి పెట్టిన ఎరుకల కుటుంబాల పూర్వికుల్లో వర్తకులు చాలామంది ఉన్నారు. తీరంలోని ఉప్పుకొటారుల దగ్గర సరుకు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని గుంపులుగా లోపలి జిల్లాలకు వెళ్లి, అక్కడి ఊళ్లలో ఉప్పుకు మారుగా ధాన్యం తీసుకుని, ఆ ధాన్యాన్ని అవసరమున్న మరో చోట అమ్ముకోవడం ఉప్పు ఎరుకల వృత్తి. కరివేపాకు ఎరుకలు, వెదురు దబ్బలతో బుట్టలూ తట్టలూ అల్లే దబ్బ ఎరుకలు, నేతగాళ్లు పడుగుకు గంజి పట్టించడానికి వాడే కుంచెలు కట్టే కుంచె ఎరుకలు కూడా తమ సరుకును ఊరూరా తిరిగి అమ్మినవారే. దుకాణం లేని ఊరికి దుకాణాన్ని నడిపించి తెచ్చిన ఈ సంచార వర్తకం గుంపు మొత్తం కలిసి కొనడం, కలిసి ప్రయాణించడం అనే పద్ధతి మీద ఆధారపడింది. దాన్ని సహకార సంఘమని ఎవరూ పిలవలేదు, పిలవడం సరికాదు కూడా. కాని వినియోగదారుడికీ టోకు బజారుకూ మధ్య ఉన్న దూరాన్ని ఉమ్మడిగా దాటడం ఈ తీరానికి కొత్త కాదని గుర్తించడానికి అది పనికివస్తుంది.

ఈ వర్తకం ఎలా చితికిపోయిందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన పరిశోధన గ్రంథంలో వివరంగా చూపారు. రైళ్లు వచ్చి ఉప్పును, ధాన్యాన్ని బళ్లకన్నా, ఎద్దుల బిడారులకన్నా చౌకగా మోయడం మొదలుపెట్టాయి. ఉప్పు తయారీ మీదా అమ్మకం మీదా ప్రభుత్వ నియంత్రణ బిగిసేసరికి చిన్న వర్తకుడికి కొటారు దగ్గర సరుకు దొరకడం కష్టమైంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పశువుల మేతకూ వెదురుకూ ఆంక్షలు వచ్చాయి. వీటికి 1876–78 కరువు తోడైంది. బతుకుతెరువు పోయిన సంచార సమూహాలను ప్రభుత్వం అనుమానంతో చూసింది. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఒక కులంలో పుట్టడమే నేరస్వభావానికి రుజువుగా పరిగణించి, ఆ కులస్థుల పేర్లు నమోదు చేసి, హాజరు పిలిచి, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటనివ్వకపోవడం ఆ చట్టం సారాంశం. అలా నమోదైన ఎరుకలవారి కోసం 1913–14 ప్రాంతంలో బాపట్ల తాలూకాలో ఏర్పడిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు.

సెటిల్‌మెంటులో కొందరికి సాగుకు భూమి ఇచ్చారు. తర్వాతి కాలంలో చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఫ్యాక్టరీ, అంటే జనం నోట ఐ.ఎల్.టి.డి., ఇక్కడి స్త్రీపురుషులకు ప్రధానమైన కూలిచోటు అయింది. ఒకప్పుడు సరుకు తెచ్చి అమ్మిన కుటుంబాలు ఒక తరంలోనే కూలి డబ్బుతో కొట్లో సరుకు కొనుక్కునే కుటుంబాలుగా మారాయి. ఒకే యజమాని, ఒకే నివాసం, ఇంచుమించు ఒకే రకపు అవసరాలు ఉన్న ఫ్యాక్టరీ కూలీల సమూహం వినియోగదారుల సహకారానికి అనువైన నేల అని ఇంగ్లండు చరిత్ర చెబుతుంది. స్టూవర్టుపురంలో ఆ లక్షణాలన్నీ ఉన్నాయి. లేనిది స్వేచ్ఛ ఒక్కటే. చేరడానికీ మానడానికీ, నచ్చిన చోటికి వెళ్లి కొనడానికీ హక్కు లేనివారు సంఘం పెట్టుకోలేరు. కాబట్టి సహకార సమాఖ్యల చరిత్రను ఈ ప్రాంతంలో వెతికేవారు స్టూవర్టుపురం చుట్టూ ఉన్న తెనాలి, రేపల్లె, బాపట్ల, చీరాల ఊళ్ల వైపు చూడవలసి ఉంటుంది.

ముందుగా సమాఖ్య పనిచేసే తీరు కొంత తెలియాలి. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది సభ్యులు ప్రారంభించిన దుకాణం మూడు నియమాల మీద నిలబడింది: సరుకు బజారు ధరకే నగదుకు అమ్మాలి, ఏడాది చివర మిగులును ఎవరెంత కొన్నారో ఆ లెక్కన సభ్యులకు పంచాలి, వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు ఉండాలి. ఇలాంటి దుకాణాలు వందల్లో పెరిగాక కొత్త ఇబ్బంది వచ్చిపడింది. చిల్లర వ్యాపారి లాభాన్ని సభ్యులు తమ చేతుల్లోకి తెచ్చుకోగలిగినా, టోకు వ్యాపారి లాభం, మిల్లు యజమాని లాభం వారికి అందకుండానే ఉండిపోయాయి. పైగా ఈ దుకాణాలకు సరుకు ఇవ్వడానికి నిరాకరించే టోకు వర్తకులూ ఉండేవారు. ఒక సంఘం మరో సంఘంలో వాటాలు కొనడానికి 1862లో చట్టం అనుమతించిన వెంటనే, 1863లో ఉత్తర ఇంగ్లండు సంఘాలు కలిసి మాంచెస్టరు కేంద్రంగా ఒక టోకు సంఘాన్ని నమోదు చేసుకున్నాయి. తర్వాత కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీగా పేరొందిన ఆ సంస్థకు దుకాణాలే సభ్యులు, దుకాణాలే కొనుగోలుదారులు.

టోకు నుంచి ఉత్పత్తికి దారి అక్కడ సహజంగా ఏర్పడింది. ఇన్ని వందల దుకాణాలు వారానికి ఎన్ని బిస్కెట్లు, ఎన్ని జతల బూట్లు, ఎంత సబ్బు అమ్ముతాయో ఖాతాల్లో ముందే తెలిసినప్పుడు, అమ్మకం గురించిన భయం లేకుండా ఫ్యాక్టరీ పెట్టవచ్చు. 1873లో క్రంప్సాల్‌లో బిస్కెట్ల కర్మాగారం, లెస్టరులో బూట్ల కర్మాగారం, మరుసటి ఏడాది డరమ్‌లో సబ్బుల కర్మాగారం ఆ లెక్కతోనే వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండు, స్కాట్లండు టోకు సంఘాలు కలిసి సిలోనులో తేయాకు తోటలే కొన్నాయి. ఆ తోటల్లో కూలికి కుదిరిన దక్షిణాది కూలీలకు ఆ సహకారంలో వాటా లేదన్నది వేరే సంగతి, కాని మరచిపోదగిన సంగతి కాదు. ఫ్యాక్టరీ లాభం అందులో పనిచేసేవారికి చెందాలా, సరుకు కొనేవారికి చెందాలా అన్న వాదం ఇంగ్లండులోనూ చాలాకాలం సాగింది. 1891లో సహకారోద్యమం మీద పుస్తకం రాసిన బియాట్రిస్ పాటర్ వినియోగదారుల పక్షం వహించారు.

భారతదేశంలో చట్టం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి 1895, 1897లలో సమర్పించిన నివేదికలు రైతు అప్పుల గురించినవి. వాటి వెలుగులో వచ్చిన 1904 చట్టం పరపతి సంఘాలను, అనగా అప్పులిచ్చే సంఘాలను మాత్రమే గుర్తించింది. ఈ ప్రాంతం చేరిన గుంటూరు జిల్లా ఏర్పడినది కూడా ఆ ఏడాదే కావడంతో, ఈ జిల్లా పాలనా యంత్రాంగానికి సహకారమంటే మొదటి నుంచీ అప్పు కాగితమే. అమ్మకం, కొనుగోలు, ఉత్పత్తి సంఘాలకూ, సంఘాల సమాఖ్యలకూ 1912 చట్టం వచ్చాక గాని చోటు దొరకలేదు. ఆ తర్వాత కూడా సమాఖ్య అనే మాటకు జిల్లా కేంద్ర బ్యాంకు, రాష్ట్ర బ్యాంకు అనే అర్థమే స్థిరపడింది. మద్రాసు రాష్ట్ర సహకార బ్యాంకును నడిపి, అఖిల భారత స్థాయిలో సహకారోద్యమ నాయకుడిగా పేరు తెచ్చుకున్న వేమవరపు రామదాసు పంతులు వంటి సమర్థుడి శక్తి కూడా ప్రధానంగా ఈ బ్యాంకుల నిర్మాణానికే ఖర్చయింది.

మద్రాసు నగరంలో 1904లోనే మొదలైన ట్రిప్లికేన్ అర్బన్ సహకార సంఘం దీనికి మినహాయింపు. అప్పటికి తెలుగువారికి కూడా రాజధాని అయిన ఆ నగరంలో గుమాస్తాలూ ఉపాధ్యాయులూ నెలజీతంతో నగదుకు సరుకు కొనుక్కునే ఆ దుకాణం దేశంలో వినియోగదారుల సహకారానికి ఆదర్శమైంది. అయితే అది పేటపేటకూ శాఖలు తెరుస్తూ పెరిగింది. ఒకే సంఘం అనేక శాఖలతో పెరిగితే టోకు కొనుగోలు ఆ సంఘం ప్రధాన కార్యాలయంలోనే జరిగిపోతుంది. స్వతంత్ర దుకాణాలు చేతులు కలిపి పై సంఘాన్ని పెట్టుకోవలసిన అవసరం కలగదు. మద్రాసులో ఈ పద్ధతి ఎంత విజయవంతమైనా, జిల్లాల్లోని చిన్న దుకాణాలకు దాని నుంచి దక్కిన మద్దతు స్వల్పం.

జిల్లాల్లో దుకాణాలు ఎందుకు వేళ్లూనలేదన్న ప్రశ్నకు తెనాలి, రేపల్లె పరిసరాల జీవనవిధానమే జవాబు చెబుతుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టా వరి మాగాణి అయింది. తెనాలి చుట్టూ బియ్యపు మిల్లులు, దుగ్గిరాలలో పసుపు బజారు, కొమ్మమూరు కాలువ మీద పడవల రాకపోకలు పెరిగాయి. ఇంత వాణిజ్యం నడుమ కూడా ఊళ్లో తిండి గింజలు దుకాణం మీదుగా రాలేదు. రైతుకు గాదెలో, పురిలో ధాన్యం ఉండేది. పాలేరుకు జీతం గింజల్లో ముట్టేది. కోతకూలీకి రోజు గింజలు కుంచంతో కొలిచి ఇచ్చేవారు. కమ్మరికీ వడ్రంగికీ చాకలికీ మంగలికీ కళ్లం దగ్గర మేర దక్కేది. దుకాణంలో కొనవలసినవి ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, గుడ్డ వంటి కొద్ది సరుకులే. ఆ కొద్ది సరుకులూ అరువు మీద వచ్చేవి. పంట ఇంటికి వచ్చాక కొట్టు బాకీ ధాన్యంతో తీరేది, ఆ ధాన్యానికి ధర కట్టేది కొట్టు యజమానే. కాబట్టి రాచ్‌డేల్ నియమాల్లో మొదటిదైన నగదు అమ్మకం ఈ ఊళ్లలో పేదవారిని దుకాణం బయటే నిలబెట్టే నియమం అయింది. పరపతి సంఘం డబ్బు అప్పు ఇచ్చేది, భూమి ఉన్నవారికి ఇచ్చేది. కొట్టు సరుకు అప్పు ఇచ్చేది, ముఖం తెలిసిన ఎవరికైనా ఇచ్చేది. ఈ రెంటిలో కూలి కుటుంబం ఏది ఎంచుకుంటుందో చెప్పనక్కరలేదు. ధాన్యం కొనే వర్తకుడు, సరుకు అరువిచ్చే వర్తకుడు, మిల్లు యజమాని తరచూ ఒకే కుటుంబంలోనివారు కావడం వల్ల చిల్లర, టోకు, ఉత్పత్తి అనే మూడు అంచెలూ వారి చేతిలోనే కలిసి ఉండేవి. సహకారులు సాధించదలచుకున్న సమాఖ్యను డెల్టా వర్తకులు బంధుత్వంతో అంతకుముందే సాధించుకున్నారు.

వినియోగదారుల సంఘాలకు టోకు అంచె చివరకు రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. బియ్యం, పంచదార, కిరసనాయిలు, గుడ్డ మీద కంట్రోలు పెట్టి కార్డుల మీద పంచవలసి వచ్చినప్పుడు, ప్రైవేటు వర్తకుల మీద నమ్మకం లేని మద్రాసు ప్రభుత్వం సహకార దుకాణాలను ప్రోత్సహించింది. వాటికి సరుకు అందించడానికి జిల్లాల్లో సహకార టోకు దుకాణాలు వెలిశాయి. సభ్యత్వాలు పెరిగాయి, లాభాలూ వచ్చాయి. కాని వీటి గిరాకీ కంట్రోలు కార్డు సృష్టించిన గిరాకీ. ఏ సరుకు ఎంత, ఎక్కడ నుంచి, ఏ ధరకు అన్నవి అధికారులే నిర్ణయించడంతో, టోకు దుకాణం నడిపేవారికి కొనుగోలు విద్య నేర్చుకునే అవకాశమే రాలేదు. సరుకు నాణ్యత చూడటం, పంట కాలంలో కొని నిలవ చేయడం, మిల్లుతో బేరమాడటం ఇవేవీ వారి పనులు కావు. 1947 చివర్లో కంట్రోళ్లు సడలినప్పుడు ఈ సంఘాలు ఊగిసలాడాయి; కంట్రోలు మళ్లీ వచ్చి కొన్నాళ్లు నిలబెట్టినా, 1952 జూన్‌లో ముఖ్యమంత్రి రాజగోపాలాచారి మద్రాసు రాష్ట్రంలో ఆహారధాన్యాల కంట్రోలు ఎత్తివేయడంతో వాటిలో చాలా వరకు మూతపడ్డాయి. కంట్రోలు బియ్యం, కంట్రోలు కొట్టు అనే మాటలు మాత్రం ఇక్కడి వాడుకలో మిగిలిపోయాయి.

1962లో చైనా యుద్ధం తర్వాత కేంద్ర ప్రభుత్వం అదే నిర్మాణాన్ని మరింత పెద్దయెత్తున తిరిగి ప్రారంభించి, దేశమంతటా 200 టోకు దుకాణాలు, వాటి కింద 4,000 ప్రాథమిక దుకాణాలు లక్ష్యంగా పెట్టుకుంది. పట్టణంలో ప్రాథమిక దుకాణం, జిల్లాకు కేంద్ర దుకాణం, రాష్ట్రానికి సమాఖ్య, వీటన్నిటి మీద 1965లో నెలకొన్న జాతీయ సహకార వినియోగదారుల సమాఖ్య: కాగితం మీద ఇది మాంచెస్టరు నిర్మాణం కన్నా పరిపూర్ణం. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు ధరలు అదుపు చేయడానికి సూపర్ బజార్లు కూడా వచ్చాయి. కాని వాటా ధనంలో అధిక భాగం ప్రభుత్వానిది, మేనేజరు డెప్యుటేషన్ మీద వచ్చిన ఉద్యోగి, ఎన్నికైన పాలకవర్గం రద్దయితే ఏళ్ల తరబడి నడిపేది ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జి. ప్రాథమిక దుకాణం తన పై సంఘం నుంచే కొనాలన్న కట్టుబాటు లేకపోవడంతో, చౌకగా దొరికినప్పుడు బజారులోనూ, కోటా సరుకు ఉన్నప్పుడు మాత్రమే కేంద్ర దుకాణంలోనూ కొనేది. గిరాకీ లెక్క ముందుగా తెలియని టోకు సంఘం ఫ్యాక్టరీ పెట్టలేదు. ఆంధ్రలో వినియోగదారుల సమాఖ్యలు ఉత్పత్తి గడప దాటకపోవడానికి మూలధనం కొరత కన్నా ఈ విధేయత లోపమే పెద్ద కారణమని చెప్పవచ్చు.

అయితే ఇదే ప్రాంతంలో ఇంకొక రకపు వినియోగదారులున్నారు. చీరాల, వేటపాలెం, పేరాల నేతగాళ్లు గుడ్డకు ఉత్పత్తిదారులు, నూలుకు వినియోగదారులు. మిల్లుల్లో వడికి చిలపలుగా కట్టిన నూలు మగ్గానికి తిండి వంటిది. అది ఆగితే ఇంటిల్లిపాదికీ పని ఆగుతుంది. ఆ నూలును మాస్టర్ వీవరు, అంటే పెట్టుబడి పెట్టి నేయించే షావుకారు, అరువుగా ఇచ్చి, నేసిన గుడ్డ తానే తీసుకుని, మజూరీలో నూలు బాకీ మినహాయించుకునేవాడు. డెల్టాలో కొట్టు యజమాని చేసిన పనినే ఇక్కడ షావుకారు చేశాడు. తేడా ఏమంటే, నేతగాడికి కావలసిన సరుకు ఒక్కటే, అది ఏడాది పొడుగునా కావాలి, ఏ కౌంటు నూలు ఎంత కావాలో మగ్గాల సంఖ్యను బట్టి లెక్క కట్టవచ్చు. టోకు సమాఖ్యకు ఇంతకన్నా అనువైన గిరాకీ ఉండదు.

1935లో మద్రాసులో ఏర్పడిన చేనేత సహకార సంఘాల రాష్ట్ర సంస్థ ప్రాథమిక సంఘాలకు నూలు టోకుగా కొని ఇవ్వడం, వాటి గుడ్డను డిపోల ద్వారా అమ్మడం అనే రెండు బాధ్యతలూ తీసుకుంది. యుద్ధకాలంలో నూలు మీద కంట్రోలు వచ్చినప్పుడు సంఘంలో చేరితే నూలు కోటా వస్తుందన్న ఆశతో సభ్యత్వాలు ఒక్కసారిగా పెరిగాయి. వాటిలో మగ్గం లేని సభ్యులూ ఉండేవారన్న ఫిర్యాదులు సహకార శాఖకు కొత్త కాదు. పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలులో 1915లో పుట్టి చీరాలను కార్యస్థానం చేసుకున్న ప్రగడ కోటయ్య ఈ ఉద్యమానికి తెలుగునాట ముఖ్య నాయకుడు. శాసనసభలోనూ రాజ్యసభలోనూ ఆయన వాదించినది ప్రధానంగా నూలు ధర గురించి, మరమగ్గాల పోటీ గురించి, చేనేతకు రక్షణ గురించి. మిల్లు గుడ్డ మీద 1953లో వేసిన సెస్సు సొమ్ము చేనేత సంఘాలకు మూలధనంగా అందడంతో ఈ దశలో వాటి బలం పెరిగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఇక్కడికి విడిగా ఏర్పడిన చేనేత సహకార సంస్థా, హైదరాబాదు సంస్థా 1976లో కలిసి ఆప్కో అయ్యాయి.

నూలు టోకుగా కొనడంతో ఆగకుండా వడకడానికి కూడా నేతగాళ్ల సంఘాలే పూనుకోవడం ఈ చరిత్రలో విలువైన ఘట్టం. 1950ల మొదట్లో గుంతకల్లులో వెలసిన ఆంధ్ర సహకార నూలు మిల్లు దేశంలోనే ఈ తరహా మిల్లుల్లో తొలివాటిలో ఒకటి. తర్వాత నెల్లూరు, రాజమండ్రి, చీరాల మొదలైన చోట్ల సహకార మిల్లులు వచ్చాయి. నేత సంఘాలు మిల్లులో వాటాదారులు, మిల్లు నూలుకు అవే కొనుగోలుదారులు. మాంచెస్టరు టోకు సంఘం బిస్కెట్ల ఫ్యాక్టరీకి ఉన్న తర్కమే చీరాల మిల్లుకూ ఉంది. చిక్కు ఆచరణలో వచ్చింది. మిల్లు మూలధనంలో సింహభాగం ప్రభుత్వానిది కావడంతో నేత సంఘాల మాట చెల్లలేదు; పత్తి కొనవలసిన కాలంలో చేతిలో డబ్బు ఉండేది కాదు; మరమగ్గాలకు పనికివచ్చే కోను నూలుతో పోలిస్తే చిలప నూలులో మిగిలేది తక్కువ. నేతగాడికి ధర తగ్గితే మిల్లుకు నష్టం, మిల్లుకు లాభమొస్తే నేతగాడికి భారం అనే పరిస్థితిలో, రెండు ఖాతాలనూ ఒకే కుటుంబపు లెక్కగా చూసే పై సంస్థ ఉండాలి. ఇంగ్లండులో మిగులు తిరిగి కొనుగోలుదారు దుకాణానికే చేరేది కాబట్టి ఆ వైరుధ్యం తీరింది. ఇక్కడ మిల్లు మిగిలిస్తే గదా పంచడం. 1990ల తర్వాత ఈ మిల్లుల్లో చాలావరకు మూతపడటమో, అమ్ముడుపోవడమో జరిగింది.

రైతు కూడా ఎరువుకు వినియోగదారుడే. ఆ కోణంలో చూస్తే దేశంలో ఈ నమూనా పూర్తిగా ఫలించినది ఎరువుల సహకార సంస్థ ఇఫ్కోలో. 1967 నవంబరులో 57 సంఘాలతో నమోదై, అమెరికా సహకార సంస్థల సాయంతో గుజరాత్‌లోని కలోల్, కాండ్లాలలో కర్మాగారాలు నిర్మించిన ఆ సంస్థకు గ్రామ పరపతి సంఘాలూ మార్కెటింగు సంఘాలూ సభ్యులు. తెనాలి, రేపల్లె మాగాణి రైతు సొసైటీ గోదాములో తీసుకునే యూరియా బస్తా వెనుక ఆ నిర్మాణమే ఉంది, కాని తాను ఆ ఫ్యాక్టరీకి దూరపు యజమానినని ఆ రైతుకు తోచే సందర్భాలు అరుదు. సమాఖ్య ఎంత పెద్దదైతే సభ్యుడికి అంత కనబడకుండా పోవడం ఈ పద్ధతికి స్వతఃసిద్ధమైన జబ్బు.

సహకారాన్ని ప్రభుత్వం ఎంత దూరం నడిపించాలన్న వివాదంలో ఈ ప్రాంతపు గొంతు బలంగా వినిపించింది. నిడుబ్రోలుకే చెందిన, 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికైన ఎన్.జి. రంగా, 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూరు సభ ఆమోదించిన ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానాన్ని వ్యతిరేకించి బయటకు వచ్చి, స్వతంత్ర పార్టీ అధ్యక్షుడయ్యారు. కొనుగోలుకూ అమ్మకానికీ పరపతికీ రైతులు కలవడం ఒక సంగతి, భూమిని కలిపివేయడం మరో సంగతి అన్న ఆ వాదం డెల్టా భూస్వామ్య ప్రయోజనాలకు అనుకూలమైనదే. అయినా అధికారుల చేతిలో సహకారం ఏమవుతుందన్న ఆ వర్గపు భయం 1964 ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం అమలైన తీరులో చాలావరకు నిజమైంది. ఆ చట్టం పట్టు నుంచి తప్పించుకోవడానికి 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యులే నియమావళి రాసుకుని, సభ్యులకే జవాబుదారీగా నడిచే సంఘాలకు అది వీలు కల్పించింది. తెనాలికి చేరువలో వడ్లమూడి కేంద్రంగా 1977లో మొదలైన జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం, అంటే సంగం డెయిరీ, ఆ చట్టం కిందికి మారి, 2013లో ప్రొడ్యూసర్ కంపెనీ అయింది.

ఇక స్టూవర్టుపురం ఎరుకలవారి పరిస్థితిలో ఈ కాలంలో వచ్చిన మార్పు సహకార మార్గంలో వచ్చింది కాదు. మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టులోనూ నేరస్థ తెగల చట్టం రద్దయ్యాక కూడా పోలీసు నిఘా ఆగలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం తరఫున లవణం, హేమలతా లవణం చేపట్టిన సంస్కరణ కార్యక్రమం ఊరి మీది ముద్ర చెరపడానికి ప్రయత్నించింది. షెడ్యూల్డు తెగలకు చెందినవారైనా మైదానంలో నివసించే ఎరుకలవారికి, మన్యపు గిరిజనులకు దక్కిన ఒక సదుపాయం దక్కలేదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, తన కింది ప్రాథమిక సంఘాల ద్వారా అటవీ ఉత్పత్తులు కొని, డిపోల్లో నిత్యావసర సరుకులు అమ్మి, తేనె, కుంకుడు, సీకాయ వంటివాటిని శుద్ధి చేసి సొంత పేరుతో బజారుకు పంపుతుంది. టోకు, చిల్లర, ఉత్పత్తి ఒకే సంస్థలో కలిసిన తెలుగు ఉదాహరణ ఇదే; అది సభ్యుల సంస్థగా కన్నా ప్రభుత్వ కార్పొరేషనుగా నడిచిందన్న విమర్శా న్యాయమే.

డెల్టా కూలి కుటుంబాల దాకా టోకు కొనుగోలును తీసుకువచ్చినది డ్వాక్రా సంఘాలు. పది పదిహేను మంది స్త్రీల పొదుపు సంఘాలు ఊళ్లో గ్రామ సమాఖ్యగా, గ్రామ సమాఖ్యలు మండల సమాఖ్యగా, అవి జిల్లా సమాఖ్యగా కలిసే నిర్మాణం 2000 తర్వాత ప్రభుత్వ వెలుగు పథకంతో స్థిరపడింది. 1995 చట్టం కింద ఈ సమాఖ్యలు నమోదయ్యాయి. రేషను కార్డు మీద నెలకు గరిష్ఠంగా 20 కిలోల బియ్యమే వచ్చే ఆ రోజుల్లో మిగతా బియ్యం కొట్టులో అరువుగా తెచ్చుకోవలసి వచ్చేది. ఏ ఇంటికి ఎన్ని కిలోలు కావాలో సంఘాల్లో రాసుకుని, గ్రామ సమాఖ్యలో మొత్తం కూడి, కొనుగోలు కమిటీ స్త్రీలు మిల్లుకో టోకు వర్తకుడి దగ్గరికో వెళ్లి, నమూనా చూసి, బేరమాడి బస్తాలు తెచ్చి, సభ్యులకు అప్పుగా పంచి, వాయిదాల్లో వసూలు చేసుకునే బియ్యం పరపతి పద్ధతి అప్పుడు మొదలైంది. రాచ్‌డేల్ నగదు నియమాన్ని ఇది పక్కన పెట్టింది. డెల్టాలో కొట్టు యజమాని బలమేమిటో గ్రహించి సరుకు అప్పును సంఘం చేతిలోకి తెచ్చింది. వందేళ్లలో దుకాణాలు పెట్టిన అధికారులెవరికీ తట్టని ఈ సవరణ లెక్కలు చూసుకునే స్త్రీలకు తట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పద్ధతిలో కమిటీ స్త్రీలు మిల్లు దాకా వెళ్లారు, మిల్లును మాత్రం సొంతం చేసుకోలేదు. 2008లో రేషను బియ్యం కిలో రెండు రూపాయలకు, 2011లో రూపాయికి దిగడంతో బజారు బియ్యం మీద ఆధారపడే అవసరం తగ్గి, సమాఖ్య చేతిలో ఉన్న ఒకే ఒక స్థిరమైన గిరాకీ పలచబడింది. పప్పు, నూనె, చింతపండు, సబ్బు వంటి సరుకులకు ఇలాంటి ఉమ్మడి లెక్క కట్టే ప్రయత్నాలు మహిళా మార్టుల రూపంలో 2020ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో కనిపించాయి. వాటి వెనుక సంఘ సభ్యుల వాటా డబ్బు ఉన్నా, స్థలం మొదలుకొని పర్యవేక్షణ దాకా గ్రామీణాభివృద్ధి యంత్రాంగం మీదనే ఆధారపడ్డాయి.